రెండు పళ్ళు వెనక్కి

నేను ఒక రిట్రాక్టర్ని. పేరు పలకడానికి నోరు తిరగకపోతే ఏమీ అనుకోను. మనిషి ఛాతీని నిలువునా కోశాక ఆ రెండు సగాలూ మళ్ళీ మూతపడకుండా అటూ ఇటూ తీసి పట్టుకునే స్టీలు వస్తువుని. ఈ నాలుగు మాటలు చెప్పుకునే భాగ్యం కూడా మా పెద్దక్క రంపం నాకు ఏనాడూ దక్కనివ్వలేదు. ఒకే ట్రేలో కాపురం కాబట్టి అక్క అంటున్నాను గానీ, ఆవిడ చేసే పనల్లా బర్రుమని ఒక్కసారి ఎముక కోసి పక్కకి తప్పుకోవడం. పెళ్ళికొచ్చి నాలుగు అక్షింతలు వేసి, మొదటి పంక్తిలో భోంచేసి, "అబ్బ, పెళ్ళి చేసేసరికి నా నడుం పడిపోయిందే తల్లీ" అనే పెద్దముత్తైదువని మీరూ చూసే ఉంటారు. అదే బాపతు. గంటల తరబడి తలుపు పట్టుకుని నిలబడేది నేను. ఆపరేషన్ అనగానే రోగులు తలుచుకుని వణికేది మాత్రం ఆవిడని. "రంపంతో కోస్తారటగా!" అని ఆరాలు. నా పేరెత్తి భయపడ్డవాళ్ళు ఒక్కరూ లేరు.

భయపడాల్సింది నాకే. అందుకే ఈ కథ.

నా ఒంటి నిర్మాణం పెద్ద విశేషమేమీ కాదు. పళ్ళున్న ఒక కమ్మీ, దాని మీద రెండు రెక్కలు. ఒక రెక్క కదలదు. రెండోది, పిడి తిప్పితే, టక్కు టక్కుమంటూ ఒక్కో పన్నూ దాటుకుని దూరం జరుగుతుంది. మద్రాసు శివార్లలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను సానపట్టినాయన నా అంచులన్నిటి మీదా బొటనవేలు రాసి చూసి, ఎక్కడా గీసుకోలేదని తేలాకే బయటికి వదిలాడు. అక్కడే నాకో అపోహ పట్టుకుంది: నునుపుగా ఉన్నవాళ్ళవల్ల ఎవరికీ హాని జరగదని. లోకంలో చాలామందికి ఉన్న అపోహే లెండి.

నా మొదటి యజమాని డాక్టర్ పరాంకుశం. పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్లు నేర్పే పెద్దాయన. ఆయన వెనక స్టూళ్ళ మీద కుర్రడాక్టర్లు నిలబడి, తోలుబొమ్మలాట చూసేవాళ్ళలా మెడలు సాచేవారు. వాళ్ళకోసం ఆయన నన్ను బాగా విప్పేవాడు. "అదిగో కవాటం. అందరికీ కనపడిందా?" అని అడిగి, అందరూ కనపడిందన్నాక, మాటల్లోనే నన్ను రెండు పళ్ళు వెనక్కి తిప్పి, అప్పుడు సూది అందుకునేవాడు. పాలు పొంగగానే చెయ్యి తనంతట తాను వెళ్ళి మంట తగ్గిస్తుంది చూడండి, అలా. ఆ సంగతి ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు. చెప్పాలని తోచి ఉండదు. మంట తగ్గించమని ఎవరైనా పాఠం చెప్తారా?

ఆయన శిష్యుల్లో అందరికన్నా శ్రద్ధగలవాడు చెన్నుపాటి రంగనాయకులు. గురువుగారు ఏం చూపిస్తే అది రెప్పవెయ్యకుండా చూసేవాడు. గుండెని చూపిస్తే గుండెనే చూసేవాడు. గురువుగారి చెయ్యి వెనక్కి తిరగడం అందువల్లే చూడలేదు. పరాంకుశం గారు పదవీ విరమణ చేసిన రోజున, "ఒరే నాయకులూ, నా చేతి తర్వాత దీనికి నీ చెయ్యే" అని నన్ను ఆయన చేతిలో పెట్టారు. ఆయన నన్ను కళ్ళకద్దుకున్నాడు. నాతోపాటు గురువుగారి వెడల్పు ఆయనకి సంక్రమించింది. ఆ రెండు పళ్ళూ సంక్రమించలేదు.

అలా నేను గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఆస్పత్రికి వచ్చిపడ్డాను.

రంగనాయకులు చెడ్డ డాక్టరైతే నాకీ బాధ ఉండకపోను. చెడ్డవాడి దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఆయన మంచివాడు. ఆయన వేసిన కుట్లు చూస్తే మా సూదులకే గర్వం వచ్చేది. పేదవాడొచ్చినా ధనవంతుడొచ్చినా అదే పని, అదే తీరు. కాకపోతే నన్ను ఆఖరి దాకా తిప్పేవాడు. "నాకెంత బాగా కనపడితే వాళ్ళకంత మంచిది" అనేవాడు. వినడానికి ఎంత బాగుంది!

కానీ ఆ ఆఖరి పళ్ళ దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు. మెడ కింద, అన్నిటికన్నా పైనుండే పక్కటెముక నెమ్మదిగా లేవడం మొదలెడుతుంది. మెడలోంచి చేతిలోకి దిగే నరాలు దాని మీదుగానే పోతాయి. తడి బొంతలు ఆరేసిన దండెంలా అవి బిగుసుకుంటాయి. ఒక్కోసారి ఆ ఎముక సన్నగా 'చిట్' మంటుంది. మిషన్ల హోరులో అది ఎవరికీ వినపడదు. ఎముకని ఆనుకుని ఉన్నదాన్ని కాబట్టి నాకు వినపడుతుంది. రోగి మత్తులో ఉంటాడు. గుండె బాగుపడుతుంది, పూలదండ వేసి ఇంటికి పంపుతారు. లేచినవాడు చూసుకుంటే ఉంగరం వేలూ, చిటికెన వేలూ ఇంకా నిద్రపోతూ ఉంటాయి. కొందరివి కొన్నాళ్ళకి లేస్తాయి. కొందరివి లేవవు.

నాకు గుండె లేదు గానీ భయం ఉంది. పిడి మీద ఆయన చెయ్యి పడిన ప్రతిసారీ, ఈవేళ ఎవరి వేళ్ళో అనుకునేదాన్ని.

ఇలా ఉండగా కోస్తాలో గుండె ఆపరేషన్లు చేసే అయిదు ఆస్పత్రుల డాక్టర్లు ఒక కొత్త ఆలోచన చేశారు. ఎవరి దగ్గర రోగులు ఎలా బాగుపడుతున్నారో, ఎవరికి ఏ ఇబ్బంది మిగులుతోందో దాచకుండా ఒకరికొకరు చెప్పుకోవాలి. ఒకరి ఆపరేషన్ థియేటర్‌కి ఒకరు వెళ్ళి పని చూడాలి. మంచి పద్ధతి ఎవరిదైతే వాళ్ళది అందరూ నేర్చుకోవాలి. చెప్పడానికి సులువే. అయిదుగురు కోడళ్ళు ఎవరి పప్పు వాళ్ళు గిన్నెలో తెచ్చి, గిన్నె మీద పేరు రాసి, నడిమింట్లో పెట్టి రుచి చూడమన్నట్టే కదా!

మొదటి సమావేశానికి రంగనాయకులు నన్ను సంచీలో పెట్టుకుని వెళ్ళాడు, గురువుగారిచ్చిన వస్తువని చూపించుకోవడానికి. బల్ల మీద కూర్చుని అంతా విన్నాను. ఒకాయన, "మా దగ్గరికొచ్చేవాళ్ళు జబ్బు బాగా ముదిరాకే వస్తారండీ" అన్నాడు. రెండో ఆయనా అదే అన్నాడు. అలా అయిదు ఆస్పత్రులవాళ్ళూ అన్నారు. మరి ముదరనివాళ్ళంతా ఎక్కడికి పోతున్నారని ఎవరూ అడగలేదు. సమోసాలు వచ్చాయి.

సమోసాల తర్వాత విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టర్ బొంతు సుహాసిని లేచింది. అందరిలోకీ చిన్నది. "ఆపరేషన్ అయ్యాక ఎడం చేతి వేళ్ళు మొద్దుబారాయని మీ రోగులెవరైనా అంటున్నారా అండీ?" అని అడిగింది. అందరూ ఖాళీ పళ్ళేల్లోకి చూస్తుంటే, "మా దగ్గర అన్నారు. రిట్రాక్టర్‌ని నేనే మరీ ఎక్కువ విప్పుతున్నాను. తగ్గించాక ఆగింది" అంది.

ఇంటి గుట్టు వీధిలో పెట్టిన కోడల్ని చూసినట్టు చూశారందరూ.

"మాకు అలాంటివి లేవమ్మా" అన్నాడు రంగనాయకులు. నన్ను బల్ల మీంచి తీసి సంచీలో పెట్టేశాడు.

ఆ సంచీ మర్నాడు ఆయన రోగుల్ని చూసే గదిలో బల్ల మీదే ఉంది. మస్తాన్ వచ్చాడు. జాకెట్లు కుట్టే దర్జీ. ఆ ఏడాది నేను పట్టుకున్న ఛాతీల్లో ఆయనదీ ఒకటి.

"గుండె భేషుగ్గా ఉంది సార్. మీరు దేవుడు సార్" అని దణ్ణం పెట్టి, "ఒక్కటే సార్. నేను ఇంటికొచ్చాను గానీ ఈ రెండు వేళ్ళూ ఇంకా రాలేదు. మీ ఆస్పత్రిలోనే ఉండిపోయినట్టున్నాయి" అన్నాడు.

"చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటున్నావా?"

"లేద్సార్. మత్తులోంచి లేచిన కాణ్ణుంచీ ఇంతే. గుడ్డ జారిపోతోంది. చంక దగ్గర తిప్పలేకపోతున్నా. నిన్న ఒకావిడ, 'మస్తానూ, ఇది జాకెట్టా, దిండు గలీబా?' అంది."

"బతికి బయటపడ్డావు, ఇంకేం కావాలయ్యా! వేళ్ళదేముంది, అవే వస్తాయి. మెత్తటి బంతి పిసుకుతూ ఉండు."

మస్తాన్ మరో ప్రశ్న వెయ్యలేదు. దేవుడన్నాక రెండో ప్రశ్న ఎలా వేస్తాడు? కూర్చున్నవాడల్లా లేచి, ఆ రెండు వేళ్ళనీ కుడిచేత్తో పట్టుకుని, తప్పిపోయిన పిల్లల్ని నడిపించుకెళ్తున్నట్టు వెళ్ళిపోయాడు. తలుపు ఓరగా ఉంది. బయట బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్నావిడ ఈ సంభాషణంతా విందని నాకప్పుడు తెలియదు.

ఆవిడ పేరు గుబ్బల మంగతాయారు. నరసాపురం దగ్గర లేసు అల్లే మనిషి. చిన్నప్పుడొచ్చిన కీళ్ళజ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేస్తే, అది మార్చడానికి వచ్చింది. ఆవిడ ఆపరేషన్ రోజునే డాక్టర్ సుహాసిని మా థియేటర్ చూడ్డానికి వచ్చింది. వచ్చేముందు ఒక నియమం పెట్టుకున్నారు, అదీ ఆ పిల్ల చెప్పిందే: చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడవార నిలబడి చూడాలి, నోరు మెదపకూడదు. చెప్పాల్సింది ఏదైనా పనయ్యాక టీ తాగుతూ చెప్పాలి. ఒకరి వంటింట్లో నిలబడి "ఉప్పెక్కువేస్తున్నావ్" అంటే ఎవరికి కాలదు?

నేను ఆకుపచ్చ గుడ్డ కింద తయారుగా ఉన్నాను. మంగతాయారుని బల్ల మీద పడుకోబెట్టారు. థియేటర్ సిస్టర్ ఎస్తేరు ఆవిడ తల నిమురుతోంది.

"సిస్టరమ్మా, మత్తెక్కించే ముందు ఒక్క మాటండీ. నా ఎడం చెయ్యి జాగర్తండీ."

"ఆపరేషన్ గుండెకమ్మా. చేతికి కాదు" అని నవ్వింది ఎస్తేరు.

"ఆయ్, తెలుసండి. ఆ మస్తాన్ గారికీ గుండెకే చేశారంటండి."

ఎస్తేరు నవ్వు ఆగిపోయింది.

"లేసు దారం ఈ చిటికెనేలికి చుట్టుకుంటామండి. ఏలు పట్టివ్వకపోతే అల్లిక వదులైపోద్ది. వదులైన లేసు ఎవరూ కొనరండి. ఆయన పోయిన కాణ్ణించీ నన్నూ మా అత్తగారినీ పోషించింది ఈ ఏలేనండి. గుండె సంగతి మీరు ఎలా చూసుకుంటారో చూసుకోండి. ఏలు మాత్రం నాది నాకిచ్చెయ్యండి."

చేతులు కడుక్కుని లోపలికొచ్చిన రంగనాయకులు, "ఏమంటోంది?" అన్నాడు.

"చెయ్యి జాగ్రత్త అంటోంది సార్."

"మంచిదేగా. మోచేతి కింద మెత్త పెట్టండి."

పెట్టారు. నిప్పంటుకున్న ఇంటికి గుమ్మంలో నీళ్ళు చల్లినట్టు.

మత్తు ఎక్కింది. అక్కయ్య రంపం యథాప్రకారం బర్రుమని, తన వంతు అయిపోయినట్టు పక్కన పడుకుంది. నన్నెత్తి ఛాతీలో పెట్టారు. సన్నటి మనిషి. ఎముకలు పిట్ట ఎముకల్లా ఉన్నాయి. పిడి మీద చెయ్యి పడింది. టక్కు. టక్కు. నాకు వినపడేదల్లా ఆ శబ్దమే. ప్రతి టక్కుకీ పైనున్న ఆ పక్కటెముక ఒక వెంట్రుకవాసి లేస్తోంది. అరుద్దామంటే స్టీలుకి నోరేదీ? బిగుసుకుపోయి కదలకుండా ఉందామంటే, నన్ను చేసినాయన అంత నునుపుగా చేశాడు! ఆఖరి పళ్ళు దగ్గరపడుతున్నాయి. నరాలు దండెం తాళ్ళలా లాగుతున్నాయి. ఇంకొక్క రెండు తిప్పులు తిప్పితే ఆ 'చిట్' వినాల్సివస్తుంది.

గోడవార సుహాసిని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది. చేతులు కట్టుకుంది. విప్పింది. మాస్కు మీద ఆ కళ్ళు చూస్తే, లోపల ఎవరు ఎవరితో తగువాడుతున్నారో తెలుస్తోంది. టక్కు.

"సార్, టీ దాకా ఆగలేనండీ."

మిషన్లు గొంతు తగ్గించాయా అనిపించింది. రంగనాయకులు తలెత్తకుండానే, "నియమం నువ్వు పెట్టిందేనమ్మా" అన్నాడు.

"అవునండీ. నేనే తప్పుతున్నాను. టీ వేళకి నేను చెప్పే మాట ఈవిడకి పనికిరాదు. చాలా విప్పారు సార్. ఆ చెయ్యి పోతుంది."

"కవాటం గుండె వెనక్కి ఉంటుంది. విప్పకపోతే నాకు కనపడొద్దూ? పరాంకుశం గారు ఇంతే విప్పేవారు. నా కళ్ళతో చూశాను."

"ఎప్పుడు సార్? మీకు చూపించేటప్పుడా, కుట్టేటప్పుడా?"

పిడి మీద ఆయన వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి. ఎటు తిప్పుతాడో నాకు తెలియదు. కోపం వస్తే మనుషులు ముందుకే తిప్పుతారు. పౌరుషం అనేదానికి వెనక్కి తిరిగే పళ్ళుండవు. నేను ఆ క్షణంలో ఉన్నంత భయంగా ఏ పొయ్యిలోనూ, ఏ సాన మీదా లేను.

ఎస్తేరు మెల్లిగా అంది: "సార్, ఆవిడ ఏలు ఇచ్చెయ్యమని అడిగింది సార్."

పిడి మీంచి చెయ్యి తియ్యకుండానే, "ఏం చెయ్యమంటావు?" అన్నాడాయన.

"రెండు పళ్ళు వెనక్కండీ. మొత్తంగా కాస్త పొట్టవైపు జరపండి. గుండె సంచి అంచుకి దారాలు వేసి పైకి లాగుదాం, బల్ల ఎడమకి వంచుదాం. కవాటమే మీ ముందుకొస్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే మీ ఇష్టం సార్. నేనే టీ పెట్టిస్తాను."

పిడి వెనక్కి తిరిగింది. టక్కు. టక్కు. పక్కటెముక తన చోటికి తాను దిగింది. దారాలు వేశారు, బల్ల వంచారు. రంగనాయకులు వంగి చూశాడు. మెడ అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. కనపడనిది ఏదో వెతికి పట్టుకుని గెలుద్దామన్నట్టు చూశాడు. ఆఖరికి "కనపడుతోంది" అని గొణిగి సూది అందుకున్నాడు. ఎప్పుడూ కూనిరాగం తీసేవాడు. ఆవేళ అది లేదు.

పని అయ్యాక నన్ను కడిగి, మూట కట్టి, ఆవిరిలో ఉడకబెట్టారు. అక్కడితో నా చూపు ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమైందో చెప్పేవాళ్ళు చెప్తేనే నాకు తెలియాలి. పళ్ళు వెనక్కి తిరిగేలోపే నరం నలిగిపోయిందేమో. ఆ సందేహం మూటలో నాతోపాటే ఉడికింది.

మర్నాడు ఎస్తేరు మూటలు సర్దుతూ ఇంకో సిస్టర్‌తో అంటోంది: "మంగతాయారుకి మెలకువొచ్చింది గానీ చెయ్యి దుప్పటి కింద దాచేసుకుందే! డాక్టరమ్మ ఊరెళ్ళకుండా ఉండిపోయింది. ఆవిడ బతిమాలింది, పెద్ద సారు బతిమాలాడు. కదిపి చూడనంటే చూడనంది. 'కదపనంత సేపూ ఉందనే అనుకోవచ్చు కదండీ' అంటది."

"మరి?"

"మరేముంది, ఎవరూ లేనప్పుడు నేనే ఒక దారప్పోగు తీసుకెళ్ళి పక్కన పడేసి తలుపు దగ్గర నిలబడ్డా. కాసేపటికి దుప్పటి కదిలింది. దారాన్ని చిటికెనేలికి చుట్టుకుంది. ఒకటి, రెండు చుట్లు. లాగి చూసింది. నన్ను చూసి, 'పట్టిచ్చిందండీ' అని ఒకటే ఏడుపు. పెద్ద సారు తలుపు అద్దంలోంచి చూశాడు. సంతోషిస్తాడనుకున్నా. మొహం పాలిపోయింది."

ఎందుకు పాలిపోయిందో నాకు అర్థమైంది. ఈ వేలు దక్కిందంటే ఆ వేళ్ళు ఎందుకు పోయాయో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాతి సమావేశానికి కూడా రంగనాయకులు నన్ను తీసుకెళ్ళాడు. ఈసారి చూపించుకోవడానికి కాదు. డాక్టర్లందరి ముందూ జరిగింది చెప్పాడు. ఇంగ్లీషులో చెప్పాడు; వింటే ఎక్కడో వర్షం పడిందన్నట్టుంది, ఫలానావారు కురిపించారని లేదు. అయినా మేలే జరిగింది. ఒకాయన "మా దగ్గరా ఉన్నారు" అన్నాడు. ఇంకొకాయన తల దించుకున్నాడు. నా జాతివాళ్ళని అవసరమైనంతే, నెమ్మదిగా విప్పాలని అయిదు ఆస్పత్రులూ ఒప్పుకున్నాయి. ఆపరేషన్ అయిన ప్రతివాళ్ళనీ వేళ్ళు కదిపించి అడగాలని కూడా. నోరు మెదపకూడదన్న నియమం తీసేశారు.

మస్తాన్‌కి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకూడదని ఆస్పత్రి యాజమాన్యం గట్టిగా అంది. "తప్పయిందని మీరు నోటితో అంటే కోర్టుకి లాగుతారు డాక్టర్ గారూ. వైద్యం చేయించండి, మాట జారకండి." రంగనాయకులు సరేనన్నాడు. సరేనన్న దగ్గర్నుంచీ సంచీలో ఉన్న నన్ను ఊరికే తీసి చూడటం, మళ్ళీ పెట్టెయ్యడం. ఆయన భయం చూస్తే నాకే జాలేసింది.

మస్తాన్‌ని రమ్మని కబురు వెళ్ళింది. మనం అడక్కుండా ఆస్పత్రివాళ్ళే కబురు పంపితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? భార్యని వెంటబెట్టుకుని, ముందే చచ్చిపోయినవాడిలా వచ్చాడు. ఆవిడ షంషాద్ బేగం. గుమ్మంలోంచే, "ఏముందో దాచకుండా చెప్పండి సార్. గుండెలో మళ్ళీ వచ్చిందా?" అంది.

"గుండె బాగుందమ్మా. కూర్చోండి."

"బాగుంటే ఎందుకు పిలుస్తారు సార్? రాత్రి నుంచి ఈయన మెతుకు ముట్టలేదు. కుట్టు మిషన్ ఎవరికివ్వాలో కూడా చెప్పేశాడు."

"నువ్వుండవే" అన్నాడు మస్తాన్. "సార్, ఏదైనా ఫరవాలేదు. మీరు దేవుడు. మీరు చెప్తే వింటా."

రంగనాయకులు సంచీ తెరిచి నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. నరాల డాక్టరు దగ్గరికి పంపుతానన్నాడు. వ్యాయామం తనే దగ్గరుండి చేయిస్తానన్నాడు. ఇన్నాళ్ళైంది కాబట్టి పూర్తిగా వస్తాయని మాటివ్వలేనన్నాడు. మస్తాన్ తలూపుతూనే ఉన్నాడు. ఎందుకు పిలిచారో ఇంకా అర్థంకాలేదతనికి. అక్కడితో ఆపేసినా ఎవరూ తప్పుపట్టరు. యాజమాన్యం చెప్పింది అదే. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

"మస్తాన్ గారూ" అన్నాడు. ఆయన నోట ఆ 'గారూ' విని మస్తాన్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

"మీరు చెయ్యి కింద పెట్టుకుని పడుకోలేదు. దీన్ని నేను మరీ ఎక్కువ విప్పాను. లోపల మీ నరం నలిగింది. మీరు వచ్చి చెప్పారు, నేను వినలేదు. నాదే తప్పు."